మాండలిన్ కొనబోయే ముందు



గుడియాత్తం అనగానే లుంగీలు, అగ్గిపెట్టెలు గుర్తుకొస్తాయి. మాండలిన్ ఎవరికీ గుర్తు రాదు. అయినా ఈ ప్రసంగం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ ఊళ్ళో మగ్గం నేసే ఒకాయన, పదేళ్ళ కూతురి కోసం వేలూరు వెళ్ళి కొత్త మాండలిన్ కొనుక్కొచ్చాడు. తేనెరంగు వార్నిషు, తళతళలాడే తీగలు, చూడముచ్చటగా ఉంది. మూడు వారాలు తిరక్కుండానే ఆ పిల్ల దాన్ని గోడకు తగిలించేసింది. వేలి కొసలు బొబ్బలెక్కాయి. "మా పాపకు సంగీతం రాసిపెట్టి లేదేమో అయ్యవారూ, దీన్ని ఎవరికైనా అమ్మేద్దామా?" అని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

నేను రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పేర్చి, 12వ మెట్టు దగ్గర తీగల కిందికి తోశాను. తగలకుండా దూరిపోయాయి. అంటే తీగ మెట్టుకు దాదాపు 3 మిల్లీమీటర్ల పైన ఉందన్నమాట. పెద్దవాళ్ళ వేళ్ళకే అది శిక్ష. తీగలు కాస్త వదులు చేసి, గుర్రం కింద రెండు వైపులా ఉండే చిన్న చక్రాలు తిప్పి, ఒక్క బిళ్ళ మాత్రమే పట్టేటంత ఎత్తుకు దించాం. మర్నాడు సాయంత్రం ఆ పిల్ల మాయామాళవగౌళలో సరళీ స్వరాలు వాయిస్తోంది. పైసా ఖర్చు కాలేదు. కానీ ఆ తండ్రి ఆ రోజు రాకపోయి ఉంటే, తన బిడ్డకు చెయ్యి తిరగదనే మాట ఆ ఇంట్లో ఖాయమైపోయేది. డబ్బు పోతే మళ్ళీ నేసి సంపాదించుకోవచ్చు. ఆ మాట మాత్రం అంత సులభంగా పోదు.

ఇటలీ నుంచి వచ్చిన ఈ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలో నిలబెట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ళ ప్రాయంలో ఆయన మొదట చేతిలోకి తీసుకున్నది తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్. కొడుకు వేళ్ళలోని పస చూసిన తరువాతే తండ్రి కొత్తది కొనిచ్చారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ జరిగింది. ముందు ఉన్నదాని మీద చెయ్యి పడాలి, కొత్తది ఆ తరువాత. నేర్చుకోబోయే వాళ్ళకు నేను చెప్పే వరస కూడా అదే.

బజారులో మామూలుగా దొరికే మాండలిన్‌కు 8 తీగలు, రెండేసి చొప్పున 4 జతలు ఉంటాయి. సినిమా పాటలకూ, భజనలకూ ఆ జతలే అందం. కర్ణాటక సంగీతానికి వచ్చేసరికి జత తీగను పక్కకు లాగి గమకం పలికించటం కష్టం. అందుకే శ్రీనివాస్ గారు జతలు తీసివేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, పైన అయిదో తీగ చేర్చుకున్నారు, విద్యుత్ మాండలిన్ ఎంచుకున్నారు. మొదలుపెట్టే పిల్లలకు ఇంత హంగు అక్కర్లేదు. ఎనిమిది తీగల పాత వాద్యం తీసుకుని, ప్రతి జతలోనూ ఒక తీగ విప్పేస్తే చాలు. నాదం కొంచెం తగ్గుతుంది, వేలికి మాత్రం హాయి.

పాతది కొనేటప్పుడు జేబులో ఒక నూలు పోగు పెట్టుకెళ్ళండి. మా వైపు ఇళ్ళలో దానికి కరువు లేదు! మెడ చివర తీగలు ఆనే పట్టీ నుంచి 12వ మెట్టు దాకా పోగుతో కొలవండి. అదే కొలతను 12వ మెట్టు నుంచి గుర్రం దాకా వేసి చూడండి. రెండూ సరిపోవాలి. గుర్రం వైపు ఒక బియ్యపు గింజ మందం ఎక్కువైతే తప్పులేదు. సామాన్యంగా ఒక్కో కొలత ఇంచుమించు 7 అంగుళాలు. అతికించని గుర్రమైతే జరిపి సరిచేసుకోవచ్చు. తరువాత వట్టి తీగ మీటి, 12వ మెట్టు నొక్కి మీటండి. కింది షడ్జానికి పై షడ్జం పలకాలి. పలక్కపోతే, గుర్రం జరిపినా పలక్కపోతే, ఎంత చవకగా ఇస్తానన్నా దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఇంకొక సంగతి, మన ఎండలు. రేకుల కప్పు కింద నాలుగు వేసవులు గడిపిన వాద్యానికి జిగురు వదులుతుంది. గుర్రం కింద పలక కుంగిందేమో పక్కనుంచి చూడండి. తల వైపు నుంచి ఒక కన్ను మూసి, తుపాకి గురి చూసినట్టు మెడ వెంబడి చూస్తే వంకర తెలిసిపోతుంది. వంగిన మెడ జోలికి పోవద్దు. అరిగిన మెట్లు మార్పించుకోవచ్చు గానీ, దాని కూలి ఎంతో ముందే అడిగి ధరలో తగ్గించుకోవాలి. బిరడాలు జారుతుంటే మరలు బిగించి మళ్ళీ చూడండి.

వర్ణాలు రెండు కాలాల్లో నిలకడగా వచ్చాక అయిదు తీగల విద్యుత్ మాండలిన్ సంగతి ఆలోచించవచ్చు. ఇది మాత్రం కొత్తది చేయించుకోవటమే మంచిదని నా అభిప్రాయం. ఒకరి చేతికి కుదిరిన తీగల ఎడం మరొకరి వేళ్ళకు కుదరదు. మెట్లు కాస్త ఎత్తుగా ఉంటే తీగ లాగటానికి వీలు. డబ్బు కట్టేముందు యాంప్లిఫయర్‌కు తగిలించి అయిదు తీగలూ ఒకే బలంతో పలుకుతున్నాయో లేదో వినండి. యాంప్లిఫయర్ వెల కూడా లెక్కలో వేసుకోవాలని చాలామంది ఇంటికొచ్చాక గాని గ్రహించరు. కచేరీ చేసే స్థాయి వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్ళ చెవే వాళ్ళకు చెబుతుంది.

గుడియాత్తం పాప తండ్రి ఈమధ్య మళ్ళీ వచ్చాడు, అయిదు తీగలది ఎప్పుడు కొందాం అయ్యవారూ అంటూ. పాప వాయించిన మోహన వర్ణం విన్నాను. రెండో కాలంలో ఇంకా పరుగెడుతోంది. ఈ ఏడాదికి కొత్త తీగలు రెండు సెట్లు కొనిపెట్టమన్నాను.