ఇంజను శ్రుతికి సొంత బాణీ

బళ్ళారి కౌల్ బజార్ వీధుల్లో తిరిగినవారికి రెండు చప్పుళ్ళు బాగా పరిచయం. ఒకటి జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్లది, రెండవది మోటారు సైకిళ్ళది. మొదటిది కూడు పెడుతుంది. రెండవదాని మీద కుర్రకారుకు మోజు. ఆ మోజు ఇప్పుడు కొత్త దారి పట్టింది. హెల్మెట్‌కో, హ్యాండిల్‌కో చిన్న కెమెరా బిగించి, పందెపు పరుగును చిత్రించి, ఇంట్లోనే ఫోన్ మీద కూర్చి, దానికొక పాట జోడిస్తున్నారు. ఆ పాట చాలాసార్లు సినిమాదే అవుతుంది. అలా కాక గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములతో ఈ కుర్రవాళ్ళే రాక్ బాణీ కట్టుకుంటే ఎలా ఉంటుందన్నదే నేటి మన ముచ్చట.

పందెపు కార్లకూ రాక్ సంగీతానికీ చుట్టరికం పాతదే. బ్రిటన్‌లో బి.బి.సి. 1978 నుంచి తన కారు పందేల కార్యక్రమానికి ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం పాటలోని బేస్ గిటారు ముక్కను ముఖగీతంగా వాడుకుంది. అది అరువు బాణీ. ఆ మరుసటి ఏడే, అంటే 1979లో, బీటిల్స్ బృందంలో ఒకడైన జార్జ్ హారిసన్ పందెగాళ్ళ మీదే తాను కట్టిన 'ఫాస్టర్' అనే పాటను వెలువరించాడు. మన రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న హారిసనే ఈయన. పాట మొదట్లో అసలైన పందెపు కార్ల రొదే వినిపిస్తుంది. క్యాన్సర్‌తో 1978లో మరణించిన గున్నార్ నిల్సన్ అనే పందెగాడి పేరిట ఏర్పడిన నిధికి ఆ పాట రాబడి ఇచ్చారు. బాణీ సొంతం కనుకనే దాని రాబడి ఎవరికి చేరాలో ఆయన చెప్పగలిగాడు.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కౌల్ బజార్ కుర్రవాడొకడు నన్ను అడిగాడు: "నేను తీసిన వీడియోలో పాట తీసేసినారు మామా, ఒట్టి బొమ్మే మిగిలె. ఏం చేయల్ల?" పరుగు తనది, కెమెరా తనది, రాత్రంతా కూర్చున్న కష్టమూ తనదే. కాని పాట తనది కాదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రికార్డు చేసిన పాట మీద హక్కు, అది వెలువడిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళపాటు ఉంటుంది. "వీడియో కింద పాటల కంపెనీ పేరు రాస్తే చాలదా?" అన్నాడు. చాలదు. పేరు రాయడం మర్యాద, అనుమతి వేరు.

ఇక బాణీ కట్టే పని. ముందు ఇంజను మాట వినాలి. మన వీధుల్లో తిరిగే బళ్ళు చాలావాటికి ఒకే సిలిండరు, ఫోర్ స్ట్రోక్ ఇంజను. అది రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 దెబ్బలన్నమాట. దాన్నే షడ్జమం అనుకోండి. యాక్సిలరేటరు తిప్పి 9,000కు చేరిస్తే సరిగ్గా పంచమం! 12,000 దాకా పోగల పందెపు బండి అయితే పై షడ్జమం పలుకుతుంది. నడుమ జారుడంతా గమకమే. సంగీతం మేష్టార్లు నవ్వినా సరే, లెక్క మాత్రం తప్పదు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. బేస్ గిటారులో లావు తీగ సెకనుకు సుమారు 41 కంపనాలతో పలుకుతుంది. ఇంజను, బేస్ రెండూ ఒకే చోట కూర్చోవాలని చూస్తాయి, వినేవారికి గుడగుడ తప్ప ఏమీ మిగలదు. కనుక బండి గట్టిగా అరిచే చోట బేస్ తగ్గాలి. మలుపులో బండి నెమ్మదించినప్పుడు బేస్ పైకి రావాలి. అరువు పాటలో ఈ సర్దుబాటు కుదరదు, అది మన మలుపు చూసి కట్టింది కాదు గదా. గాలి హోరు తగ్గడానికి మైకు మీద చిన్న స్పాంజి ముక్క పెడితే మేలు.

తాళానిది ఇంకా సులువైన లెక్క. వీడియోలో సెకనుకు 30 బొమ్మలుంటే, నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకు 15 బొమ్మలు వస్తాయి. 150 దెబ్బలైతే 12. గేరు మార్చిన క్షణం, మోకాలు నేలను రాసిన క్షణం ఆ దెబ్బ మీద పడేలా బొమ్మను కత్తిరించాలి. అయితే ప్రతి దెబ్బకూ కత్తిరిస్తే చూసేవారికి తల తిరుగుతుంది. నాలుగింటికి ఒకసారి చాలు.

అసలు పాటే లేకుండా మెప్పించినవారూ ఉన్నారు. ఫ్రెంచి దర్శకుడు క్లాడ్ లెలూష్ 1976లో పారిస్ వీధుల్లో తెల్లవారుజామున కారు పరుగెత్తించి ఎనిమిది నిమిషాల చిత్రం తీశాడు. అందులో సంగీతం లేదు, ఇంజను రొద ఒక్కటే. తమాషా ఏమిటంటే, కెమెరా బిగించింది మెర్సిడెస్ కారుకి, వినిపించే గొంతు ఫెరారీది! శబ్దం మార్చితే బండే మారిపోయింది. ఈ కిటుకు నేర్చుకోదగిందే. ఎర్ర దీపాలు దాటి జనం తిరిగే దారిలో పోవడం మాత్రం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వేగపు పందెం పెట్టడం నేరం. వెనకటికి మద్రాసువారు షోలవరంలో వాడకం లేని విమానాల దారిలో పందేలు నడిపారు. 1990 నుంచి ఇరుంగట్టుకోట్టైలో అందుకోసమే కట్టిన ట్రాక్ ఉంది. మన వీడియో అలాంటి చోట తీసిందైతే నిశ్చింతగా నలుగురికీ చూపించుకోవచ్చు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. వాటికి ఈలలాంటి సన్నని గొంతే తప్ప పెట్రోలు బండి గర్జన లేదు. అలాంటి బొమ్మకు సంగీతం కట్టేవారికి బేస్ చోటంతా ఖాళీ, హాయిగా వాడుకోవచ్చు.

చివరిగా ఒక చిన్న పని. నలుగురు స్నేహితులు కలిసి బాణీ కడితే, రికార్డు చేసిన నాడే ఒక తెల్లకాగితం తీసుకోండి. పాట రాసిందెవరు, బాణీ ఎవరిది, వాయించిందెవరు, వీడియో తీసిందెవరు, డబ్బు వస్తే ఎవరికెంత అన్నది రాసి నలుగురూ సంతకాలు చేయండి. డ్రమ్ములు వాయించినవాణ్ణి సాధారణంగా మరిచిపోతారు, ఆ పేరు ముందే రాయండి.