మిషనుపై బొంతకుట్టు

పసుపు పనులు ముగిసి తీరిక చిక్కిన ఆర్మూరు ఇండ్లలో, పాతచీరలను పొరలుగా పరచి బొంతలు కుట్టుటలో నేర్పరులైన తల్లులు, ఆ విద్యనే కుట్టుమిషనుపై సాధింపగోరినయెడల, ముందుగా బట్టను నడిపించు పళ్లను దింపవలెను. దింపుట కుదరని పాత మిషనులో, సూదికి తావు విడిచి, వానిపై అట్టముక్క అంటింపవచ్చును. బట్టను ఎటైనను కదలనిచ్చు పాదమగు ‘డార్నింగ్ ఫుట్’ను బిగింపుడు. ఇక కుట్టు పొడవును నిర్ణయించునది యంత్రము కాదు, మీ చేతులే! చేయి వడిగా జరిగిన కుట్లు సాగును, నిలిచిపోయిన ముద్దకట్టును. కనుక కాలు నిలకడగా, చేయి నెమ్మదిగా. మరల చెప్పుచున్నాను: కాలు నిలకడగా, చేయి నెమ్మదిగా. అడుగుదారమును పైకి లాగి, రెండు దారములను పట్టుకొని ఆరంభింపుడు. ఆగునప్పుడు సూది బట్టలోనే దిగియుండవలెను. మంచి చీరల జోలికి ఇప్పుడే పోవలదు. రెండు పాతగుడ్డల నడుమ పలుచగా దూది పరచి, ఆర్మూరు గుట్టరాళ్లవలె ఒకదాని నొకటి ఒరసికొను గుండ్రని వంపులను కుట్టి చూడుడు.