ముహమ్మద్ అలీ: విజయాలు, లోపాలు, హక్కులు



ముహమ్మద్ అలీ పేరు రాగానే మనం సాధారణంగా రెండు ఘట్టాలను తలచుకుంటాం. ఒకటి, 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించి, ఇరవై రెండేళ్లకే ప్రపంచ హెవీవెయిట్ విజేత అయి, ఆ వెంటనే తాను ముస్లింనని లోకానికి చాటడం. రెండవది, వియత్నాం యుద్ధానికి వెళ్లనని నిలబడటం. ఇవి మనకు గర్వకారణాలే. అయితే ఆయన లోపాల ప్రస్తావన రాగానే మాట మార్చేస్తాం. మనవాడి తప్పులను మనమే బయటపెడితే ప్రత్యర్థులకు ఆయుధం అందించినట్లవుతుందని జంకుతాం. ఈ జంకు అనవసరమనీ, పైగా మన హక్కుల పోరాటానికే అది చేటు తెస్తుందనీ ఈ సభలో మనవి చేస్తున్నాం.

మొదట విజయాలు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణ పతకం. వృత్తి జీవితంలో 61 పోటీలు, 56 గెలుపులు, వాటిలో 37 నాకౌట్లు. హెవీవెయిట్ కిరీటం మూడుసార్లు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో తనకన్నా చిన్నవాడు, బలవంతుడు అయిన జార్జ్ ఫోర్‌మన్ దెబ్బలను తాళ్లకు ఆనుకుని కాచుకుంటూ, అతడిని అలసిపోనిచ్చి, ఎనిమిదో రౌండులో పడగొట్టారు. అది కండబలం కన్నా ఆలోచన సాధించిన గెలుపు.

అన్నిటికన్నా గొప్ప పోరాటం రింగు వెలుపల జరిగింది. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరడానికి ఆయన నిరాకరించారు. టైటిల్ పోయింది, లైసెన్సు పోయింది. జూన్ 20న ఐదేళ్ల జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు నడుస్తున్నందున జైలుకు వెళ్లలేదు గానీ, క్రీడాకారుడి శరీరం మంచి పదునులో ఉండే మూడున్నర ఏళ్లూ పోటీలు లేకుండానే గడిచిపోయాయి.

1971 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఆ శిక్షను రద్దు చేసింది. మనస్సాక్షి కారణంగా సైనిక సేవ వద్దనే వ్యక్తి మూడు విషయాలు చూపాలి: యుద్ధమనే దానినే వ్యతిరేకిస్తున్నాడని, ఆ వ్యతిరేకతకు మూలం మతవిశ్వాసమని, ఆ విశ్వాసం నిజాయతీ గలదని. అలీ విన్నపాన్ని తోసిపుచ్చిన అప్పీలు బోర్డు, ఈ మూడింటిలో ఏది లోపించిందో చెప్పనే లేదు. ఆయన విశ్వాసం మతపరమైనదేనని, నిజాయతీ గలదేనని సుప్రీంకోర్టు ముందు ప్రభుత్వమే ఒప్పుకుంది. కారణం చెప్పని తిరస్కరణ మీద నిలబెట్టిన శిక్ష చెల్లదని న్యాయస్థానం తేల్చింది. గమనించండి, అలీ ఉత్తముడని అది ధ్రువపత్రం ఇవ్వలేదు. విధానం న్యాయంగా జరిగిందా లేదా అన్నదే చూసింది.

ఇక లోపాలు. ఆనాడు ఆయన చేరిన 'నేషన్ ఆఫ్ ఇస్లాం' తెల్లజాతివారు పుట్టుకతోనే దుష్టులని బోధించింది. దాని నాయకుడు ఎలైజా ముహమ్మద్‌ను దైవ సందేశహరుడని నమ్మింది. ఇది తౌహీద్‌కు, ప్రవక్తల పరంపర ముగిసిందన్న మన విశ్వాసానికి విరుద్ధం. ఆ బోధలను అలీ వేదికలెక్కి ప్రచారం చేశారు. 1975లో ఎలైజా మరణించాక ఆయన కుమారుడి నాయకత్వంలో అలీ సున్నీ ఇస్లాం వైపు వచ్చారు.

ఆ సంస్థను విడిచిన మాల్కమ్ ఎక్స్, అలీకి గురుతుల్యుడు. 1964లో ఘనా రాజధాని అక్రాలో ఎదురుపడినప్పుడు అలీ ఆయనను కాదని వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మాల్కమ్ హత్యకు గురయ్యారు. ఆ ఎడబాటు తన జీవితంలో అత్యంత బాధించిన తప్పులలో ఒకటని అలీ తర్వాత రాసుకున్నారు.

జో ఫ్రేజియర్ విషయం మరీ బాధాకరం. నిషేధ కాలంలో అలీకి అండగా నిలిచినవాడు ఫ్రేజియర్. అతడూ పేద నల్లజాతి కుటుంబం నుంచి వచ్చినవాడే. అటువంటివాణ్ణి తెల్లవారి తొత్తు అన్నారు, గొరిల్లా అని గేలిచేశారు. జాతి అవమానాన్ని అనుభవించిన మనిషే అదే అవమానాన్ని తోటివాడిపై ప్రయోగించాడు. 2001లో అలీ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2011లో ఫ్రేజియర్ అంత్యక్రియలకూ వెళ్లారు. గాయం మాత్రం ఫ్రేజియర్‌ను దశాబ్దాల పాటు వేధించింది.

దాంపత్యంలోనూ ఆయన నమ్మకంగా లేరు. ఆగవలసిన చోట ఆగనూ లేదు. వైద్యుడు ఫెర్డీ పచేకో వారించినా వినలేదు. 1980లో లారీ హోమ్స్ చేతిలో దారుణంగా ఓడి, 1981లో మళ్లీ దిగి మళ్లీ ఓడారు. 1984లో పార్కిన్సన్ వ్యాధి బయటపడింది.

ఇవన్నీ ఎందుకు తవ్వడం అని కొందరు అడగవచ్చు. మనపై నిందలు చాలవా అనవచ్చు. మనకైనా, మన తల్లిదండ్రులకైనా వ్యతిరేకంగా ఉన్నా సరే, న్యాయం వైపే సాక్ష్యం పలకాలన్నది అన్‌నిసా సూరా 135వ ఆయతు ఆదేశం. దానికి తోడు మరో కారణం ఉంది.

మన యువకుడెవరైనా అన్యాయంగా కేసులో ఇరుక్కుంటే మనం ఎలా మొదలుపెడతాం? "చాలా మంచి పిల్లవాడు, ఐదు పూటలా నమాజు చేస్తాడు" అని. ఆ మాటలో ప్రేమ ఉంది, ప్రమాదమూ ఉంది. రేపు అతడిలో ఏదో లోపం కనబడితే, అతడి హక్కు కూడా ఎగిరిపోయినట్లు లోకం మాట్లాడుతుంది. మసీదు గడప తొక్కనివాడికీ, మద్యం తాగేవాడికీ, నోటి దురుసు ఉన్నవాడికీ న్యాయవాది సాయం, నిష్పాక్షిక విచారణ హక్కులే. అవి సత్ప్రవర్తనకు ఇచ్చే బహుమానాలు కావు. మచ్చలేని మనిషినే కాపాడతామంటే, మనం కాపాడగలిగేవారు ఎవరూ మిగలరు.

అందుకే తల్లిదండ్రులకు మా విన్నపం: పిల్లలకు అలీని పూర్తిగా చెప్పండి. కిన్షాసాతో పాటు అక్రానూ, సుప్రీంకోర్టు తీర్పుతో పాటు ఫ్రేజియర్ గాయాన్నీ చెప్పండి. పెద్దయ్యాక ఇతరుల నోట ఆ లోపాలు విని, మనం దాచామని వారు అనుకోకూడదు. కార్యకర్త మిత్రులకు మరో మాట: బాధితుడి గుణగణాల కన్నా ముందు, ఏ చట్టం ఉల్లంఘించారో, ఏ కారణం చూపకుండా ఏ ఉత్తర్వు ఇచ్చారో రాయండి. అలీ శిక్షను రద్దు చేయించింది అటువంటి ఒక్క ప్రశ్నే.