గ్రాడియస్: తీసేయడం మర్చిపోయిన కోడ్

ఈ రోజు ఒక పాత వీడియో గేమ్ గురించి చెప్తాను. దాంతో పాటు నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

గేమ్ పేరు గ్రాడియస్. జపాన్ కంపెనీ కొనామి 1985లో ఆర్కేడ్ మెషీన్ల కోసం చేసింది. మనలో చాలామందికి ఈ పేరు తెలియదు. చిన్నప్పుడు ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర గంట లెక్కన డబ్బులిచ్చి ఆడిన రోజుల్లో మనకి తెలిసింది మారియో, కాంట్రా. ఆ కాంట్రా కూడా కొనామీదే.

గ్రాడియస్‌లో మీ చేతిలో విక్ వైపర్ అనే అంతరిక్ష నౌక ఉంటుంది. స్క్రీన్ తనంతట తనే జరుగుతూ ఉంటుంది. మీరు ఆగినా అది ఆగదు. కొన్ని శత్రు నౌకల్ని కొడితే ఒక క్యాప్సూల్ వస్తుంది. కింద ఒక వరస ఉంటుంది: స్పీడ్, మిసైల్, డబుల్, లేజర్, ఆప్షన్, చివర్లో షీల్డ్. ఒక్కో క్యాప్సూల్‌కి ఒక్కో గడి ముందుకి జరుగుతుంది. ఎక్కడ బటన్ నొక్కితే ఆ పవర్ మీది.

అచ్చం మన చిట్టీ పాట లాంటిదే. తొందరపడి పాడుకుంటే తక్కువ చేతికొస్తుంది. ఆగితే ఎక్కువ వస్తుంది, కానీ అప్పటిదాకా మనం బతికుండాలి కదా! ఎందుకంటే ఒక్క దెబ్బ తగిలితే సంపాదించిన పవర్స్ అన్నీ పోతాయి. ఏమీ లేని నౌకతో, నత్తనడకన, అదే శత్రువుల మధ్యకి మళ్ళీ రావాలి.

1986లో దీన్ని ఇంట్లో ఆడుకునే ఫామికామ్‌కి మార్చారు. ఆ పని చేసిన ప్రోగ్రామర్ కజుహిసా హషిమోతో. మొత్తం ఏడు స్టేజీలు. ఏడోది టెస్ట్ చెయ్యాలంటే ముందు ఆరు దాటాలి. ఆయన వల్ల కాలేదు. అందుకని పాజ్ చేసి పైకి, పైకి, కిందకి, కిందకి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ నొక్కితే దాదాపు అన్ని పవర్స్ ఒకేసారి వచ్చేలా కోడ్ పెట్టుకున్నారు. అది తీసేయకుండానే గేమ్ మార్కెట్‌లోకి వెళ్ళిపోయింది. అదే ఇప్పుడు లోకమంతా కొనామి కోడ్ అని పిలిచేది. అమెరికాలో 1988లో వచ్చిన కాంట్రాలో 30 లైఫ్‌లు ఇచ్చింది కూడా ఈ కోడే.

హషిమోతో 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆయనలో నాకు నచ్చింది ఏంటంటే, తనకి ఆ ఆట గెలవడం రాలేదని, అందుకే కోడ్ పెట్టుకున్నానని ఆయనే ఇంటర్వ్యూలో చెప్పేశారు. దాచుకోలేదు.

నేను దాచుకున్నాను. ఉద్యోగంలో రెండో ఏడాది, టెస్టింగ్ కోసం ఒక నంబర్ కొడితే ఓటీపీ అడగకుండా లాగిన్ అయ్యేలా రాసుకున్నాను. తీసేయడం మర్చిపోయాను. రిలీజ్ అయిపోయింది. రెండు రోజులకి ఎవరో పట్టుకున్నారు, అదృష్టం కొద్దీ ఎవరికీ నష్టం జరగలేదు. కాల్‌లో మాత్రం టెస్టింగ్‌లో కొత్తగా చేరిన అబ్బాయిని పట్టుకుని, నువ్వు ఎలా వదిలేశావ్ అని అరగంట వాయించారు. నేను మ్యూట్‌లో ఉన్నాను. అన్‌మ్యూట్ చెయ్యలేదు. తర్వాతి వారం అతన్ని ఆ ప్రాజెక్ట్ నుంచి తీసేశారు.

ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ రాస్తుంటే అదంతా గుర్తొచ్చింది. మొన్న అతనికి ఫోన్ చేసి, అది నా పనే అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తెలుసన్నా. కమిట్‌లో మీ పేరే ఉందిగా. ఆ కాల్‌లో ఉండగానే చూశాను" అన్నాడు.

మరి చెప్పొచ్చు కదా అంటే, మీరు చెప్తారేమో అని చూశాను అన్నాడు.

అదండీ. మీరు ఇలా మ్యూట్‌లో ఉండిపోయిన కాల్ ఏదైనా ఉంటే, కామెంట్‌లో నాకు చెప్పకండి. ఆ మనిషికి ఫోన్ చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.