పాత హోమ్ థియేటర్‌కు కొత్త గొంతు

పదునైదేండ్ల క్రిందట కొన్న హోమ్ థియేటర్‌లో పిడుగులు వినిపించును గాని మాటలు స్పష్టముగా వినిపించవు. ఇంటిలోని వృద్ధులు ‘ఏమన్నాడు?’ అని మాటిమాటికి అడుగుదురు. కొంతకాలమునకు అడుగుటయు మానుదురు. అంతట యజమాని సమస్తమును మార్చ నెంచును. అది తొందరపాటు.

‘5.1’ అమరికలో సంభాషణలు ఎక్కువగా నడిమి స్పీకరునుండియే వచ్చును. కావున మొదట దానిని అర లోతునుండి ముందునకు జరిపి, వినువారి చెవులవైపు త్రిప్పవలెను. ఆంప్లిఫయరులో దాని స్థాయిని రెండు మూడు డెసిబెల్స్ పెంచవలెను. ఇందుకు పైసా ఖర్చు లేదు. పిమ్మట పెద్ద స్పీకర్ల కోను చుట్టునుండు నురుగు అంచును వ్రేలితో మెల్లగా తాకి చూడుడు. పొడియై రాలుచున్నచో ఆ అంచును మాత్రము మార్పించిన చాలును. అప్పటికిని మాట తేటపడనిచో నడిమి స్పీకరొక్కటి, తక్కిన వానితో స్వరము కలియునది, కొనుడు.

ఆంప్లిఫయరు చెడనంతవరకు దానిని మార్చ పనిలేదు. 2009లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. ఏ.ఆర్.సి. సౌకర్యము దానికి లేకున్నను, ఆప్టికల్ తీగ ద్వారా డాల్బీ డిజిటల్ 5.1 శబ్దమును అందుకొనగలదు.

ఆ రాత్రి ఒక చిత్రము పెట్టి చూడుడు. పెద్దవారు ఎవరినీ అడుగకయే సంభాషణకు నవ్విరా, మీ ఖర్చు ఫలించినట్లే.