గిటారు, లాప్‌టాప్, కాస్త ఓపిక

1948లో విడుదలైన ‘లవర్’ అనే రికార్డులో వినిపించే ఎనిమిది గిటార్లూ లెస్ పాల్ ఒక్కడే వాయించాడు. హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీయే స్టూడియో. టేపు కూడా లేదు. డిస్కు మీద డిస్కు కోసుకుంటూ పోయాడు. ఒక్కచోట చెయ్యి తప్పితే ఆ పొర మళ్లీ మొదటినుంచి!

ఇవాళ ఆ చాకిరీ లాప్‌టాప్‌ది. మ్యాక్ ఉన్నవాళ్లు ఇక వెతకనక్కర్లేదు, గ్యారేజ్‌బ్యాండ్ చాలు. ఉచితం. రకరకాల యాంప్లిఫయర్ల ధ్వని, అడిగినట్టు వాయించే డ్రమ్మరు అందులోనే ఉంటాయి. 2004లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ దాన్ని చూపిస్తుంటే వేదికమీద వాయించింది గిటారిస్టు జాన్ మేయరే.

విండోస్ అయితే నా ఓటు రీపర్‌కి. వినాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ సృష్టి. 60 రోజులు ఊరికే వాడుకోవచ్చు, ఆపైన సొంతానికైతే 60 డాలర్లు. మొదటి వారం తికమకపెడుతుంది లెండి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో పుట్టిన ఆడాసిటీ పూర్తిగా ఉచితం. ఒంటి గిటారు రికార్డు చేసి కత్తిరించుకోవడానికి భేషుగ్గా ఉంటుంది.

ఏది ఎంచుకున్నా, తీగ మీటిన కాసేపటికి హెడ్‌ఫోన్లో శబ్దం వస్తే గిటారును తిట్టకండి. సెట్టింగుల్లో బఫర్ 1024 శాంపిళ్లుంటే 128కి దించండి. ఒక్క బఫర్ ఆలస్యమే 23 మిల్లీసెకన్ల నుంచి మూడుకి పడిపోతుంది. విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవరు కూడా వేసుకోండి. కంప్యూటరు తడబడి చిటపటలాడితే 256కి పెంచండి.