మా వడకి జబ్బు చేసింది

 

నన్ను ఐటీ ఉద్యోగాల భవిష్యత్తు గురించి మాట్లాడమన్నారు. ఆ సంగతి చెప్పేవాళ్లు పక్క హాల్లో ఇప్పటికే నలుగురున్నారు. నేను మాత్రం మా పెరటి కోడి గురించి చెబుతాను. నవ్వకండి. ఇరవై ఏళ్లుగా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి బతుకుతున్నవాణ్ణి. కానీ వెతకడమంటే ఏమిటో నాకు సరిగ్గా తెలిసింది ఆ కోడి వల్లే.

2020 వసంతంలో అందరం ఇళ్లకి అతుక్కుపోయి ఉన్నప్పుడు మా అమ్మాయి పోరు పడలేక నాలుగు కోడిపిల్లలు తెప్పించాను. మేముండేది నార్త్ కరోలినాలో. మా ఊళ్లో పెట్టల్ని పెంచుకోవచ్చు, పుంజుకి మాత్రం అనుమతి లేదు. ఈ దేశంలో కోడిపిల్లలు పోస్టులో వస్తాయని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. గుడ్డులోంచి బయటపడే ముందు పిల్ల మిగిలిన సొనని కడుపులోకి పీల్చుకుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేతా నీళ్లూ లేకుండా బతుకుతుంది. పొద్దున్నే ఆరింటికి పోస్టాఫీసు నుంచి ఫోను: "మీ పెట్టె అరుస్తోంది, వచ్చి పట్టుకెళ్లండి" అని!

మా అమ్మాయి వాటికి పెట్టిన పేర్లు ఇడ్లీ, వడ, సాంబారు, చట్నీ. మాంసం వంటకాల పేర్లు పెట్టకూడదని మా ఆవిడ ముందే షరతు పెట్టింది లెండి.

2023 మే నెలలో మా అమ్మ తణుకు దగ్గర మా పల్లెటూరి నుంచి వచ్చి మా దగ్గరుంది. ఒక మంగళవారం సాయంత్రం ఆఫీసు పని ముగించి పెరట్లోకి వెళితే, వడ ఒక మూల ఈకలు ఉబ్బించుకుని, తోక దించేసి, కళ్లు సగం మూసుకుని నిలబడి ఉంది. మేత వేస్తే మిగతా మూడూ పరుగెత్తుకొచ్చాయి. ఇది కదల్లేదు.

నాలోని ఇంజనీరు నిద్రలేచాడు. అరగంట చదివి, గుడ్డు అడ్డం పడిందని తేల్చేశాను. కోడి కడుపులో గుడ్డు తయారవడానికి దాదాపు ఇరవై అయిదు గంటలు పడుతుంది, అందులో ఇరవై గంటలు పెంకు కట్టడానికే. కాల్షియం తక్కువైతే గుడ్డు బయటికి రాక కోడి చచ్చిపోవచ్చు. లక్షణాలు అచ్చం సరిపోయాయి. బుధవారం గోరువెచ్చటి నీళ్ల టబ్బులో అరగంట కూర్చోబెట్టాను. కాల్షియం వేశాను. అంతటితో ఆగానా? మేత మార్చాను, నీళ్లలో విటమిన్లు కలిపాను, గూట్లో పొట్టు కూడా మార్చేశాను. ఆఫీసులో ఎవరైనా ఒకేసారి అయిదు మార్పులు చేస్తే నేనే కేకలేస్తాను. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎలా తెలుస్తుందని.

గుడ్డూ రాలేదు, కోడీ తేరుకోలేదు.

అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తోంది. చివరికి అంది: "ఒరేయ్, దానికి స్నానాలు చేయించడం ఆపి ముందు దాన్ని చేత్తో పట్టుకుని చూడరా."

అమ్మ చూసిన వరస చెబుతాను. ముందు మిగతా మూడింటినీ చూసింది. అవి గీరుకుంటున్నాయి, తింటున్నాయి. "మా ఊళ్లో కొక్కెర తెగులొస్తే తెల్లారేసరికి వాడ వాడంతా గంపలు ఖాళీ అయ్యేవి. ఇది అది కాదు" అంది. కొక్కెర తెగులంటే పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి. ఇంగ్లీషువాళ్లు వాళ్ల ఊరి పేరుతో న్యూకాసిల్ అంటారు. నాకూ ఒక భయముంది. 2022 ఫిబ్రవరి నుంచి ఈ దేశంలో కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ పడి కోట్ల కోళ్లు పోయాయి. అమ్మకి డెబ్భై నాలుగేళ్లు, పాప పదేళ్లది. అందుకే వడని విడిగా బోనులో పెట్టి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాం. అమ్మ చెప్పింది మన భాషలో చెప్పాలంటే, అన్ని కంప్యూటర్లూ ఆగితే సర్వర్ని చూడాలి, ఒక్కటే ఆగితే దాన్నే విప్పి చూడాలి.

తరవాత తురాయి రంగు చూసింది, రెట్ట చూసింది, రెక్కల కింద ఈకలు విడదీసి పేలున్నాయేమో చూసింది. కడుపు కింద తడిమింది, గుడ్డు తగల్లేదు. ఆఖరున మెడ కింద మేతసంచి మీద వేళ్లు పెట్టి, "రాత్రి నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. రేపు మేత వెయ్యకముందు చూద్దాం" అంది. ఒక్క పరీక్ష, ఖర్చు లేదు, సందేహం లేదు.

గురువారం తెల్లవారుజామున అమ్మా, నేనూ టార్చిలైటు పట్టుకుని వెళ్లాం. మేతసంచి నిన్నటిలాగే ఉంది, నిమ్మకాయంత, చపాతీ పిండి ముద్దలా గట్టిగా. లోపల ఏదో అడ్డం పడింది. కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించమని ఎక్కడో చదివాను. చెయ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తరవాత డాక్టరు కూడా అదే చెప్పింది. అలా చేస్తే లోపలిది ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి అక్కడికక్కడే పోవచ్చట.

పక్షుల్ని చూసే డాక్టరు నలభై మైళ్ల దూరంలో దొరికింది. ఆవిడ మొదటి ప్రశ్న: "ఈ వారంలో ఏం మారింది?"

"ఏమీ మారలేదు" అన్నాను.

ఈ హాల్లో ఉన్న ప్రోగ్రామర్లందరూ ఈ మాట ఎన్నిసార్లు అన్నారో గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి. పక్కనుంచి మా అమ్మాయి మెల్లగా అంది: "నాన్నా, శనివారం నువ్వు లాన్ కోసి ఆ గడ్డంతా వాటికి వేశావు కదా."

అదీ సంగతి. నేలలో నాటుకుని ఉన్న గడ్డినైతే కోడి చిన్న చిన్న ముక్కలుగా తెంపుకు తింటుంది. కోసిపడేసిన పొడుగు గడ్డిని పోచలు పోచలుగా మింగేస్తుంది. అవి సంచిలో తాడులా పెనవేసుకుపోతాయి. మూడు రోజులుగా జబ్బు మేతలో ఉందా, నీళ్లలో ఉందా అని వెతుకుతున్నాను. జబ్బు తెచ్చినవాణ్ణి నేనే.

డాక్టరు మత్తిచ్చి, సంచికి చిన్న గాటు పెట్టి, గుప్పెడు గడ్డి బయటికి తీసి కుట్లు వేసింది. నాలుగు డాలర్ల కోడికి నాలుగొందల డాలర్ల బిల్లు. మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తూంటుంది. మందుల వల్ల డాక్టరు చెప్పినన్ని రోజులు వడ గుడ్లు తినకూడదన్నారు. అసలు అది నెల దాకా పెట్టనేలేదు. పెట్టిన రోజున అమ్మ దాన్ని ఎత్తుకుని, "ఇదిగో నీ నాలుగొందల డాలర్లు" అని గుడ్డు నా చేతిలో పెట్టింది.

ఆ రోజుల్లోనే డాక్టరు చెప్పిన ఇంకో మాట నన్ను వదల్లేదు. కోడి జబ్బుని దాచుకుంటుందట. నీరసంగా కనబడితే గద్దకో నక్కకో చిక్కుతానని. మన కంటికి కనబడేసరికే చాలా రోజులు గడిచిపోయి ఉంటాయట.

అమ్మ ఊరికి వెళ్లిపోయాక ఆదివారం ఆదివారం వీడియోలో మాట్లాడుకునేవాళ్లం. "ఎలా ఉన్నావమ్మా?" "నాకేం, బాగానే ఉన్నా." మీ ఇళ్లల్లో జరిగేదీ ఇదే కదా? మా నాన్నగారు కూడా చివరివారం దాకా బాగానే ఉన్నానన్నారు.

2024 జనవరిలో ఒక ఆదివారం నేను ఎలా ఉన్నావని అడగలేదు. "పొద్దున ఏం తిన్నావ్? మేడ మీద తులసికి నీళ్లు పోశావా?" అని అడిగాను. కాసేపు ఆగి, "ఈ నెల్లో మేడెక్కలేదు నాన్నా, ఆయాసంగా ఉంటోంది" అంది. వెలుతురులోకి రమ్మన్నాను. పెదాలు పాలిపోయి ఉన్నాయి. మర్నాడే మా తమ్ముడు రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు. కడుపులో పుండు నుంచి నెలల తరబడి రక్తం కారుతోందని తేలింది. వైద్యం జరిగింది. ఇప్పుడు రోజూ మేడెక్కుతోంది.

ఆవిడతో ఈ కోడి సంగతి సభలో చెప్పబోతున్నానన్నాను. "నన్ను కోడితో పోల్చి చెబుతావా!" అని తిట్టింది. తరవాత, "వడ ఎలా ఉంది?" అనడిగింది.

"బాగానే ఉంది" అన్నాను.

"అది కాదు. పొద్దున మేతసంచి చూశావా?"

ఈ ఆదివారం ఫోనులో మీ పెద్దవాళ్లని మీరూ అలాగే అడగండి. సెలవు.